చుక్క పక్కన గుంత

“ఆ సంచి లోపల పెట్టకు. తెచ్చిన చేతులతోనే తీసుకుపో.”

మేస్త్రి భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. గుమ్మం బయట ఆమె తమ్ముడు. అతని భుజాన మేనకోడలి గోల్ఫ్ సంచి ఒక పక్కకి ఒరిగి ఉంది. నిన్న ఆట ఆగేటప్పుడు చిందిన బురద దాని అడుగున ఎండి అట్టకట్టింది.

“అక్కా, ఇది అమ్మలుది. నా ఇంట్లో పెట్టుకుని నేనేం చేసుకోను?”

“ఏం చేసుకుంటావో నీకే తెలియాలి. అన్నీ తెలిసినవాడివి కదా. ‘నేరుగా కొట్టు’ అన్న నోటితోనే దానికీ ఒక దారి చెప్పు.”

“నాకు నేరుగానే కనిపించింది.”

“ఎందుకు కనిపించదు? గడియారాల్లో చీమ తలకాయంత మరలు కనిపిస్తాయి నీకు. మూడడుగుల దూరంలో నేల ఎటు వాలిందో మాత్రం కనిపించలేదు.”

తమ్ముడు సంచి ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు. అతను గడియారాలు బాగుచేస్తాడు. మార్కెట్ వెనక సందులో మనిషి నిలబడితే నిండిపోయేంత షాపు. పోటీలున్న రోజున ఆ షాపు మూసేసి మేనకోడలి సంచి మోస్తాడు, బంతి ఎటు దొర్లుతుందో చూసి చెప్తాడు. చెయ్యి వణక్కుండా ఎలా ఉంచుకోవాలో ఆ పిల్లకి నేర్పింది కూడా అతనే. ఊపిరి వదిలెయ్యి, మళ్లీ పీల్చేలోపు ఓ క్షణం ఖాళీ ఉంటుంది, నేను మర బిగించేది ఆ ఖాళీలోనే, నువ్వు బంతి కొట్టాల్సిందీ ఆ ఖాళీలోనే. గుంత వైపు రెండుసార్లు చూడు. మూడోసారి చూశావా, అనుమానం పుడుతుంది. అదీ అతని పాఠం.

పదేళ్లు ఆ పాఠం పనిచేసింది. నిన్న పనిచెయ్యలేదు.

నిన్నటి సంగతి ఇప్పుడు ఊళ్లో పాలవాడికి కూడా తెలుసు. పై పోటీకి ఎనిమిదిమందినే తీసుకుంటారు. ఆఖరిదైన పద్దెనిమిదో గుంత దగ్గర అమ్మలుకి మిగిలింది మూడడుగుల బంతి. అది పడితే ఎనిమిదో స్థానం ఆమెదే. నిద్ర లేచి కళ్లు నులుముకుంటూ కూడా వెయ్యగల బంతి. అది గుంత ఎడమ అంచుని తాకి పక్కకి పోయింది. దాంతో ఇంకో అమ్మాయితో సమానమైంది. ఇద్దరిలో ఎవరో తేల్చేలోపే మబ్బు పట్టి, వాన పడి, వెలుతురు పోయింది. తేల్చే ఆట రేపు, సోమవారం పొద్దున ఎనిమిదింటికి, అదే పద్దెనిమిదో గుంత మీద. వచ్చే ఏడాదికి అమ్మలు వయసు దాటిపోతుంది. ఇక ఈ పోటీ గేటు కూడా తొక్కనివ్వరు.

అమ్మలు మాత్రం ఇంటికి రాగానే “సోమవారం నేను వెళ్లను” అని ఒక్క మాట చెప్పి గది తలుపు వేసుకుంది.

“నువ్వైనా చెప్పు బావా,” అన్నాడు తమ్ముడు, అక్క భుజం మీదుగా లోపలికి చూస్తూ. “ఆ నేల నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఆ మూడడుగులూ నేరుగా లేవా?”

మేస్త్రి గోడ పక్కన స్టూలు మీద కూర్చుని బూట్లకంటిన మట్టిని పుల్లతో గీకుతున్నాడు. ఆ మట్టి ఎప్పుడో పోయింది. అయినా గీకుతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ గోల్ఫ్ క్లబ్బులో గడ్డి కోసేది, నీళ్లు పట్టేది ఆయనే. పోటీ రోజుల్లో తెల్లవారకముందే వెళ్లి గ్రీన్‌ల మీద, అంటే గుంత చుట్టూ దుప్పటి పరిచినట్టు కత్తిరించిన గడ్డి మీద, కొత్త గుంతలు తీసేదీ ఆయనే. ఆయన అసలు పేరు క్లబ్బు రిజిస్టరులో ఉంటుంది గాని, పిలిచేవాళ్లకి మేస్త్రి.

“నేను దూరంగా ఉన్నా,” అన్నాడు తల ఎత్తకుండా. “సరిగ్గా చూడలేదు.”

తమ్ముడు సంచి దించి వరండా గోడకి ఆనించాడు. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి మెట్లు దిగాడు. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చి వెనక్కొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ఇంట్లో ఎవరూ అంత చిన్నబోవడం మేస్త్రి ఎప్పుడూ చూడలేదు. అది తన వల్లేనని కూడా తెలుసు. దొంగకి తేలు కుట్టినట్టయింది ఆయన పని. కుట్టింది కుట్టినట్టే ఉంది, అరవడానికి లేదు.

భార్య వచ్చి కుట్టు మిషన్ ముందు కూర్చుంది. మిషన్ గడగడా నడిచి ఆగింది. మళ్లీ కొంచెం నడిచి ఆగింది.

“ఏవండీ.”

“ఊ.”

“ఆ బూట్లు ఇంక వదిలెయ్యండి. చిల్లు పడుతుంది.”

ఆయన పుల్ల కింద పెట్టాడు.

“మా తమ్ముణ్ణి ఇందాక అంతలేసి మాటలన్నాను. మీరు ఒక్కసారన్నా ‘ఇంక ఊరుకో’ అనలేదు.”

“నువ్వు కోపంలో ఉన్నావు కదా.”

“నేను కోపంలో లేనిదెప్పుడు? పెళ్లయిన దగ్గర్నుంచీ చూస్తున్నా. వాణ్ణి నేనొకటంటే మీరు రెండు అడ్డం వేస్తారు. ఇవాళ నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నారు.”

“పిల్ల అలా ఉంటే నాకేం తోస్తుంది?”

“నేను పిల్ల గురించి అడగలేదు.”

ఆమె ఆయన వైపే చూస్తోంది. ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీ అవతల ఎదురింటివాళ్ల గోడ తప్ప చూడ్డానికి ఏమీ లేదు. అయినా శ్రద్ధగా చూశాడు.

కాసేపటికి ఆమే విసుగొచ్చి చెయ్యి చాపింది. “నా చిన్న కత్తెర ఇలా ఇవ్వండి. దారాలు తెంపుకోవాలి. నిన్న పట్టుకెళ్లారు, మళ్లీ ఇవ్వలేదు.”

మేస్త్రి చొక్కా జేబులోంచి కత్తెర తీశాడు. గుంత తీశాక దాని అంచున పొడుచుకొచ్చిన గడ్డి పరకల్ని ఆ కత్తెరతోనే ఒక్కొక్కటీ కత్తిరిస్తాడు. క్లబ్బువాళ్లు ఇచ్చిన పెద్ద కత్తెర ఉంది గాని అది ఆయన చేతికి మొరటు. కత్తెర కీలు దగ్గర నిన్నటి గడ్డి పరక ఒకటి ఇరుక్కుని ఎండిపోయి ఉంది. దాన్ని గోటితో తీశాడు. తీసి, పారెయ్యకుండా వేళ్ల మధ్య పట్టుకుని కూర్చున్నాడు.

శుక్రవారం సాయంత్రం టీ తాగేచోట మొదలైంది ఇదంతా. క్లబ్బు స్టోరు కీపరు మహా సరదా మనిషి. ఆయన సరదాకి ఎదుటివాడి చర్మం సగం ఊడొస్తుంది. “ఏం మేస్త్రీ, రేపు ఆఖరి గుంత మీ ఇంటి వాకిట్లో ఉన్నంత చదునుగా ఉంటుందన్నమాట. మీ అమ్మాయికి కళ్లు మూసుకుని వెయ్యడమే,” అన్నాడు. పక్కనున్న నలుగురూ నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. నవ్వి, టీ సగంలో వదిలేసి లేచిపోయాడు.

నిజానికి గుంత ఎక్కడ తియ్యాలో చెప్పేది మేస్త్రి కాదు. ముందురోజు రిఫరీ వచ్చి గ్రీన్ మీద తెల్ల రంగుతో చిన్న చుక్క పెడతాడు. ఆ చుక్క మీద గుంత తీసే ఇనుప గొట్టం నిలబెట్టి, రెండు పిడులూ పట్టుకుని తిప్పి, మట్టిముద్ద పైకి లాగడమే ఈయన పని. చుక్క ఉన్నచోట గడ్డి పాడై ఉంటే మాత్రం కొంచెం పక్కకి జరగొచ్చు. ఆ కాస్త వెసులుబాటు మేస్త్రికి ఇచ్చారు, మనిషి నమ్మకస్తుడని.

శనివారం తెల్లవారుజామున పద్దెనిమిదో గ్రీన్ మీదికి వెళ్లేసరికి చుక్క అచ్చం స్టోరు కీపరు చెప్పినట్టే, నడిమధ్యన చదునులో ఉంది. రిఫరీకి మేస్త్రి కూతురెవరో కూడా తెలియదు. ఆయనకి అది ఆఖరి గుంత, అంతే. కానీ మేస్త్రికి ఆ చుక్క చుట్టూ ముందురోజు టీ దగ్గరి నలుగురూ నిలబడి నవ్వుతున్నట్టనిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, చెయ్యని తప్పుకి ముందే జడుసుకున్నాడు. గొట్టాన్ని నాలుగడుగులు ఎడమకి జరిపాడు. గడ్డి కాలినట్టుంది అని తనకి తనే చెప్పుకున్నాడు. గడ్డి కాలలేదు. పచ్చగా, మంచు తడితో, ఏ వంకా లేకుండా ఉంది.

అక్కడ నేల చూడ్డానికి చదునే. బంతి చివరి జానెడులోకి వచ్చేసరికి మాత్రం చెరువు వైపుకి, ఎడమకి జారుతుంది. అది తెలిసినవాళ్లు ఆ క్లబ్బు మొత్తంలో ఇద్దరే. ఒకరు మేస్త్రి.

“ఇస్తారా, ఇవ్వరా?” అంది భార్య.

ఆయన కత్తెర ఆమె చేతిలో పెట్టి, లేచి కూతురి గది తలుపు తట్టాడు.

“అమ్మలూ, నేనే.”

గడియ తీసిన చప్పుడైంది గాని తలుపు తెరుచుకోలేదు. ఆయనే తోసుకుని లోపలికి వెళ్లాడు. మంచం ఖాళీగా ఉంది. పిల్ల మంచం కోడుకి వీపు ఆనించి కింద కూర్చుంది. పక్కన పొద్దుటి కంచం, మూత తియ్యకుండా. ఒళ్లో బంతిని గుంతలోకి దొర్లించే చిన్న కర్ర. దానికి తల్లి పాత చీర ముక్క చుట్టేసి ఉంది. దెబ్బ తగిలిన కాలికి కట్టు కట్టినట్టుంది.

“కంచం అలాగే ఉంది.”

“ఆకలి లేదు నాన్నా.”

“మామయ్య వచ్చి వెళ్లాడు.”

“విన్నాను.”

“సంచి వరండాలో పెట్టాడు.”

“అదీ విన్నాను. అమ్మ అన్నవీ విన్నాను. నువ్వన్నదీ విన్నాను.”

మేస్త్రి కూడా కిందే, ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ల కూతురి ముందు ఇలా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చునే రోజొస్తుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. మోకాళ్ల మీద పెట్టాడు. మళ్లీ తీసేశాడు.

“నీకొకటి చెప్పాలి.”

“చెప్పక్కర్లేదు.”

“నిన్న గుంత నేను చుక్క మీద తియ్యలేదమ్మా.”

“తెలుసు.”

ఆ ఒక్క మాటా ఎంత మామూలుగా అందంటే, ఆయనకి ముందు అర్థం కాలేదు.

“ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్పాలి? బడిలేని రోజు నీ కోత మిషన్ వెనకాలే నడిచేదాన్ని కదా. ఆ చోటు పాదంతో తట్టి నువ్వే చెప్పావు. ఇక్కడ పైకి చదును, లోపల చెరువు వైపు లాగుతుంది, ఇక్కడ గుంత తీస్తే మనిషిని మోసం చేసినట్టేనమ్మా అని. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నువ్వు మరిచిపోయావేమో, నేను మరిచిపోలేదు.”

ఆయన మరిచిపోలేదు. అదే ఆయన బాధ.

“మామయ్య నేల చూశాడు, చదునుగా ఉంది. మా బావ వాలులో గుంత తియ్యడు అనుకున్నాడు. నేరుగా కొట్టమన్నాడు. నిన్ను నమ్మి చెప్పాడు నాన్నా. నేల చూసి కాదు.”

“నువ్వు?”

“నేను రెండుసార్లు చూశా. ఊపిరి వదిలా. కొట్టాలి. అప్పుడు గుంత అంచు కనిపించింది. నున్నగా, ఒక్క పరక కూడా లేకుండా. అమ్మ కత్తెరతో కత్తిరించావు. అంత శ్రద్ధగా తీశావు, ఇక్కడెందుకు తీశావు అనిపించింది. మూడోసారి తలెత్తి చూశా.”

“ఏం కనిపించింది?”

“జనం నిలబడే తాడు అవతల నువ్వు. నీ పక్కన స్టోరు కీపరు, నవ్వుతూ. నీ మొహం చూస్తే ఎందుకు తీశావో అర్థమైపోయింది.”

వీధిలో ఎవరో స్కూటర్ స్టార్టు చెయ్యడానికి తంటాలు పడుతున్నారు. అది అందుకుంటుంది, ఆగిపోతుంది. ఇద్దరూ అది వెళ్లిపోయేదాకా ఆగారు.

“అక్కడ కుడి అంచు మీదికి కొట్టాలని నీకు తెలుసు కదా?” అని అడిగాడు మేస్త్రి. అడగకూడదని తెలిసే అడిగాడు.

“తెలుసు.”

“మరి?”

ఆమె కర్రకి చుట్టిన గుడ్డ అంచుని వేలికి చుట్టుకుంది, విప్పింది.

“పడితే నిన్నంటారు. పడకపోతే నిన్నెవరూ ఏమీ అనరు. ఇది నేను అనుకున్నానని కూడా చెప్పలేను నాన్నా. అలా మెదిలింది, అంతే. ఆ మెదిలినప్పుడే చెయ్యి కదిలిపోయింది. తెలిసీ నేరుగా కొట్టేశా.”

బంతి పోయినప్పుడు మేస్త్రి బాధపడ్డాడు గాని, ఆ బాధలో ఓ మూల, ఎవరికీ చెప్పుకోలేని చోట, హమ్మయ్య అనిపించింది. ఇక ఎవరూ నన్నేమీ అనరు అనిపించింది. అది ఆయనకి నిన్నటి నుంచీ గుచ్చుతూనే ఉంది. ఇప్పుడు ఆ హమ్మయ్య కూతురి చేతికి ఎలా తెలిసిందో అని సిగ్గుతో చచ్చిపోయాడు.

“నా మంచిపేరు కోసం నీ ఆట పాడుచేశాను.”

“నేనూ తక్కువేం చెయ్యలేదులే. నిన్నటి నుంచి మామయ్యని తలా ఒక మాటా అంటుంటే లోపల కూర్చుని వింటున్నా. బయటికొచ్చి ఆయన తప్పు కాదు అంటే, మరి ఎవరిదీ అంటారు. ఏం చెప్పను?”

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఇద్దరూ చెరో పిడికెడూ పట్టుకుని, మూడోవాడి నెత్తిన పోశారు.

“జరిగిందేదో జరిగింది,” అన్నాడు మేస్త్రి. “రేపు ఆడమ్మా. మళ్లీ ఈ అవకాశం రాదు.”

“రేపు గుంత ఎవరు తీస్తారు?”

“నేనే.”

“అయితే రేపూ ఇంతే. నువ్వు చదునులో తీస్తే నా కోసం తీశావనుకుంటా. వాలులో తీస్తే నీ కోసం తీశావనుకుంటా. చుక్క మీదే తీసినా చుక్క చెరిపి మళ్లీ పెట్టావేమో అనుకుంటా. వంగి నిలబడితే నాకు బంతి కనిపించదు నాన్నా, నువ్వే కనిపిస్తావు.”

ఆమె కోపంగా అనలేదు. అలసిపోయి అంది. కోపంగా అని ఉంటే ఆయన తట్టుకునేవాడే.

సాయంత్రం మేస్త్రి చొక్కా మార్చుకుని బయల్దేరుతుంటే భార్య మిషన్ దగ్గర్నుంచే అడిగింది. “ఎక్కడికి?”

“మీ తమ్ముడి షాపుకి.”

“ఆదివారం కదా, మూసి ఉంటుంది.”

“ఇలాంటప్పుడు వాడు ఇంట్లో ఉండడు. షాపులోనే కూర్చుంటాడు.”

“నేనన్న మాటలకి మీరెళ్లి సర్ది చెప్తారా?”

“నీ మాటలకి కాదు. నేను అనని మాటకి.”

ఆమె చేతిలో సూది ఆగింది. ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని వీధి చివరి దాకా అనుకుంటూ వెళ్లాడు ఆయన.

షాపు తలుపు సగం దించి ఉంది. లోపల లైటు కింద బావమరిది ఒక కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ముందు బల్ల మీద విప్పిన గడియారం. గోడ నిండా గడియారాలు, ఏ రెండూ ఒకే టైము చూపించవు.

“రా బావా,” అన్నాడు భూతద్దం తియ్యకుండా. “సంచి అందిందా?”

మేస్త్రి కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. స్టోరు కీపరు మాట దగ్గర్నుంచి మొదలుపెట్టి, చుక్క, గొట్టం, నాలుగడుగులు, అన్నీ చెప్పాడు. పొద్దున గుమ్మంలో తను ఆడిన అబద్ధం కూడా చెప్పాడు. కూతురికి తెలుసన్నది మాత్రం చెప్పలేదు. అది చెప్పాల్సింది ఆమె అనుకున్నాడు.

బావమరిది చిమటాతో పట్టుకున్న మరని మెల్లగా మూతలో పెట్టాడు. భూతద్దం తీసి కన్ను తుడుచుకున్నాడు.

“నిన్నటి నుంచి నేనేం చేస్తున్నానో తెలుసా? కళ్లు పోయాయేమోనని పరీక్ష చేసుకుంటున్నా. ఈ గడియారాన్ని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించా. కళ్లు బాగానే ఉన్నాయి. మరి నేరుగా ఎలా కనిపించింది అని.”

“నా తప్పు.”

“నీ తప్పని నువ్వు ఇక్కడ చెప్తున్నావు. ఈ నాలుగు గోడలకీ, ఈ గడియారాలకీ తెలిసింది. రేపు షాపు తెరవగానే వచ్చే ప్రతివాడూ అడిగేది నన్నే. ‘ఏమయ్యా, నేరుగానా?’ అని.”

“రేపు నువ్వు తోడుంటే పిల్ల ఆడుతుందేమో. ఒక్కసారి రా.”

“వచ్చి ఏం చెప్పను బావా? ఇన్నాళ్లూ నేల సగం చూసేవాణ్ణి, నీ చెయ్యి సగం చూసేవాణ్ణి. ఇప్పుడా రెండో సగం లేదు.” భూతద్దం మళ్లీ కంటికి పెట్టుకున్నాడు. “తలుపు దించి వెళ్లు. దుమ్ము వస్తోంది.”

మేస్త్రి తలుపు దించాడు. లోపల గడియారాల చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఇలాగే ఉంటుంది మరి.

మర్నాడు ఆయన రోజూ కన్నా ముందే మైదానానికి వెళ్లాడు. రాత్రి మళ్లీ వాన పడి వెలిసింది. పద్దెనిమిదో గ్రీన్ మీద రిఫరీ అప్పటికే ఉన్నాడు. నెరిసిన జుట్టు, చేతిలో కాగితాలు, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు. రాత్రి వానకి నిన్నటిది చెరిగిపోతే, కొత్త చుక్క పెట్టి పక్కన నిలబడి ఉన్నాడు. ఈసారి చుక్క వెనక భాగంలో, ఇటు చదునూ కాదు అటు వాలూ కాదు. నిజాయితీగల చుక్క.

“రావయ్యా మేస్త్రీ, తొందరగా తీసెయ్యి. ఎనిమిదింటికి మొదలు.”

మేస్త్రి భుజం మీంచి గొట్టం దించాడు. చుక్క మీద పెట్టలేదు. రిఫరీ కాళ్ల దగ్గర గడ్డి మీద పెట్టాడు.

“ఇవాళ ఇంకెవరి చేతనైనా తీయించండి సార్.”

“ఏం, ఒంట్లో బాగాలేదా?”

“బాగానే ఉంది. శనివారం నేను మీ చుక్క మీద తియ్యలేదు. నాలుగడుగులు ఎడమకి తీశాను. గడ్డి బాగానే ఉంది. కావాలనే తీశాను.”

రిఫరీ కాగితాలు చూడ్డం ఆపాడు. ఆయన మొహంలో ముందు అపనమ్మకం కనిపించింది, తరవాత లెక్క మొదలైంది. ఎంతమంది ఆ గుంత మీద ఆడారో, ఎవరు గెలిచారో, ఎవరు పోయారో.

“ఎందుకు?”

“మా అమ్మాయికి సాయం చేశానని ఎవరూ అనకూడదని.”

“సాయం చెయ్యలేదని చూపించడానికి కష్టం తెచ్చిపెట్టావా?” ఆయన నవ్వలేదు. “ముప్పై ఏళ్ల సర్వీసు నీది. ఈ మాట నేను కాగితం మీద పెట్టానంటే ఆ ముప్పై ఏళ్లూ ఏమవుతాయో తెలుసా?”

“తెలుసు సార్. పెట్టండి. నేలని తప్పుగా చదివాడని మా బావమరిదిని అంటున్నారు. అతను సరిగ్గానే చదివాడు. అది కూడా రాయండి.”

చెప్పేశాక మేస్త్రి రెండ్రోజుల్లో మొదటిసారి ఊపిరి పూర్తిగా వదిలాడు.

వెనక కంకర దారి మీద అడుగుల చప్పుడైంది. తిరిగి చూశాడు. బావమరిది వస్తున్నాడు, భుజాన సంచి. బురద తుడిచి ఉంది. ఎప్పుడు వచ్చి వరండాలోంచి తీసుకున్నాడో, ఎవరు ఇచ్చారో. అతని పక్కన అమ్మలు, వెళ్లనన్న పిల్లకి ఏం చెప్పి బయల్దేరదీశాడో. చేతిలో చిన్న కర్ర, దానికి గుడ్డ లేదు. ఇద్దరూ గ్రీన్ అంచున ఆగిపోయారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో తెలియదు. బావమరిది మాత్రం మేస్త్రినే చూస్తున్నాడు, పొద్దున్నే వచ్చిన కొత్త మనిషిని చూసినట్టు.

రిఫరీ వాళ్లని చూశాడు. గొంతు తగ్గించి, మేస్త్రితోనే అన్నాడు.

“గుంత ఎక్కడున్నా అందరూ దాని మీదే ఆడారు, కాబట్టి లెక్క మారదు. నీ సంగతి క్లబ్బు చూసుకుంటుంది. నేను అడగాల్సింది ఒక్కటే. గుంత జరిగిందని ఆటగాళ్లలో ఎవరికైనా తెలిసి, అప్పుడే నాకు చెప్పకుండా ఊరుకుంటే, వాళ్లని ఇవాళ ఆడనివ్వను.” కాగితాలు మడిచాడు. “మీ అమ్మాయికి తెలుసా?”

మేస్త్రి గడ్డి మీద పెట్టిన గొట్టం వైపు చూశాడు. తెలియదంటే ఒక్క మాట. ఆ మాటతో పిల్ల ఆడుతుంది. గుమ్మంలో బావమరిదితో అన్నదీ ఒక్క మాటే. అంత చిన్నదే.

“మీ అమ్మాయినే అడగనా?” అన్నాడు రిఫరీ.

అమ్మలు గ్రీన్ మీదికి వచ్చింది. తండ్రి మొహం వైపు ఒకసారి చూసింది. ఆయన తల అడ్డంగా ఊపబోయి ఆగాడు. రెండోసారి చూసింది. ఊపిరి వదిలింది.

మూడోసారి చూడకుండా రిఫరీ వైపు తిరిగి, “నన్నే అడగండి సార్,” అంది.